గడప దాటని పేరు

అనంతపురం బస్టాండు వెనక సందు, మేడ మీద ఇంటర్నెట్ సెంటరు. రెండు వేల రెండో సంవత్సరం, మే నెల, మిట్టమధ్యాహ్నం. కంప్యూటరు ముందు ఆ సెంటరు నడిపే హేమావతి; పక్కనే కుర్చీ లాక్కుని, మండల నాయకుడు ఈశ్వరప్ప గారి కుడిభుజాన్నని తనకు తానే చెప్పుకునే కుళ్లాయప్ప.

"ఆపు, ఆపు, ఆపు! యాడికి పోతాండాడు మా అన్న?"

"యాడికీ పోలేదు కుళ్లాయన్నా. అక్షరాలు జరుగుతాండాయి. పొద్దన్నుంచి 'పరిగెత్తే అక్షరాలు కావల్ల, పరిగెత్తే అక్షరాలు కావల్ల' అని నా తల తింటాండేది నువ్వే గదా."

"పరిగెత్తమన్నా. పారిపొమ్మన్లేదు. చూడు పాపా, ఈశ్వరప్ప అని కుడి తట్టు నుంచి ఠీవిగా వచ్చె. నడి తెర దాటె. ఎడమ అంచు కాడికి పోయేసరికి 'ఈ' మాయం, 'శ్వ' మాయం... పాయె! మనిషే పాయె!"

"మళ్లా వస్తాడు గదన్నా. అదో, కుడి తట్టు చూడు, వస్తాండాడు."

"పోయినోడు మళ్లా వస్తే వాణ్ని మన నల్లగుట్లపల్లిలో ఏమంటారో నీకు తెలీదా?"

"దయ్యమంటారు."

"మరి? మా అన్నను బతికుండంగానే దయ్యం చేస్తివి."

"నేను చెయ్యలేదన్నా, స్క్రిప్టు చేసె. అక్షరాల్ని రవ్వంత ఎడమకు జరుపు, మళ్లా రవ్వంత జరుపు, అంచు దాటినాక కుడి తట్టు నుంచి మళ్లా పట్టుకొని రా, అని నాలుగు ముక్కలు రాసినా. చెప్పింది చెప్పినట్ల చేస్తాండాది. నీ మాదిరే."

"నా మాదిరంటే?"

"మీ అన్న జరుగంటే జరుగుతావు, రా అంటే వస్తావు. యాల అని అడగవు. స్క్రిప్టు గూడా అంతే."

"ఎగతాళి మళ్లా చేద్దువులే. రేపు హైదరాబాదు సార్లు వస్తాండారు. మండలాఫీసు ముందర పందిలి వేసినారు, కుర్చీలు తెప్పించినారు, బాదంపాలు చెప్పినారు. మన మండలం పేజీ కంప్యూటర్లో పెట్టి చూపిస్తాం. అందరూ చూస్తాండంగా మా అన్న పేరు గడప దాటి బయటికి పోయిందనుకో, ఎదురు పార్టీ వాళ్లు గమ్మునుంటారా? 'ఈశ్వరప్ప పని ఐపాయె, కంప్యూటరే చెప్తాండాది' అనరా?"

"అంటే అననీ. ఆడి కంప్యూటర్లో ఎట్ల కనపడతాదో ముందు అది చూసుకో. తెలుగు అక్షరాల సరుకు, అదే ఫాంటు, ఆడ లేకుంటే మీ అన్న పేరు బదులు వరసగా డబ్బాలు కనపడతాయి."

"ఆడి కంప్యూటరెందుకు? ఈ డబ్బానే ఎత్తుకొనిపోతాం."

"దీన్నా?"

"పేజీ దీంట్లోనే గదా ఉండేది."

"అన్నా, నెట్టుకు ఎక్కిస్తే యాడ్నుంచైనా చూడచ్చు. ప్రపంచమంతా చూస్తాది."

"ప్రపంచంతో మాకేం పని? ప్రపంచానికి మన మండలంలో ఓటుండాదా? దుప్పటి చుట్టి జీపులో వేసుకొని పోతాం. కింద దిండు గూడా పెడతాం."

"దిండెందుకు?"

"గుంతల రోడ్డు గదా."

"ఆ రోడ్డేసింది ఎవరన్నా?"

"మా అన్న బామ్మర్ది."

"అట్లయితే రెండు దిండ్లు పెట్టుకో."

"నవ్వుకో, నవ్వుకో. పాపా, పోయిన వారం ధర్మవరం చీరల సేటు ఈడ నీతో కొట్లాడ్తాంటే నేను ఆ మూల కుర్చీలోనే ఉంటి. యాల కొట్లాడె?"

"ఏదో ఆయప్ప అంగడి పేజీ సంగతి. నీకెందుకు?"

"ఊరికే అడిగినా. సరే, మొత్తం మాట ఒకతూరి చదువు, విందాం."

"'శ్రీ ఈశ్వరప్ప గారి కృషితో నల్లగుట్లపల్లి తాగునీటి పథకం సంపూర్ణం. ఇంటింటికీ కొళాయి, ప్రతి కొళాయిలో నీళ్లు.' అన్నా, ఇది యాడన్నా చూసినావా నువ్వు?"

"ఏది?"

"ప్రతి కొళాయిలో నీళ్లు."

"కొళాయిలు ఉండాయి గదా."

"ఉండాయి. కొళాయిలు ఉండాయి, పైపులు ఉండాయి. పెద్ద ట్యాంకు ఉండాది, దానికి నీలం రంగు గూడా కొట్టినారు. బయట నీలం, లోపల పావురాల గూళ్లు. బోరు చూస్తే వేసిన ఏడాదే ఎండిపాయె. వజ్రకరూరు తట్టు చేన్లలో వానకు వజ్రాలన్నా బయటపడతాయంట. మన ఊర్లో బిందెడు నీళ్లు బయటపడవు."

"రాసేది రాయి పాపా. చదివి తీర్పు చెప్పమని ఎవరూ అడగలే."

"ఇది రాస్తే ఏమవుతాదో నీకు తెలీదా?"

"ఏమవుతాది? మా అన్నకు పేరొస్తాది."

"ఊరికి ట్యాంకరు రాదు. పథకం పూర్తయిన ఊర్లకు నీళ్ల ట్యాంకర్లు నిలిపేయల్లనే గదా ఆ సార్లు వస్తాండేది? ఆ ఒక్క ట్యాంకరుతోనే ఊరు బతుకుతాండాది అన్నా! మా అమ్మ ఆ మోకాళ్ల నొప్పులతో పొద్దన్నే పోయి బిందెలు వరసలో పెట్టుకొని కూర్చుంటాది. అది గూడా రాకుంటే ఏం తాగల్ల? మీ అన్న కృషి తాగల్లనా?"

"సార్లు ఊరికి పోయి కండ్లారా చూసుకుంటార్లే."

"ఈ ఎండలోనా? బాదంపాలు వదిలిపెట్టి, దిండు లేకుండా ఆ రోడ్డు మీద పోయి, కొళాయి తిప్పి చూస్తారా?"

"...చూడరు. నిజమే. ఈతూరి కొత్త పద్ధతంట. నోటి మాట చెల్లదంట, అర్జీ చెల్లదంట. కంప్యూటరు తెర మీద ఏం కనపడితే అదే రాసుకొనిపోతారంట."

"అంటే తెర మీద నీళ్లుంటే ఊర్లో ఉన్నట్లే. బాగుండాది. ఈసారి నుంచి దప్పికైతే అందరం ఈడికొచ్చి తెర నాకుతాం."

"నాకినా తుడిచిపెట్టు. రేపు సార్లు చూడల్ల."

"కుళ్లాయన్నా, ఒక మాట. మీ ఇంటామె, మా సుబ్బరత్నమ్మ వదిన గూడా ఆ ట్యాంకరు వరసలోనే గదా ఉండేది?"

"ఇంటి మాటలొద్దు."

"ఇంటి మాట కాదు, నీళ్ల మాట."

"నేను టౌన్లో ఉండా. బాటిల్ నీళ్లు తాగుతాండా."

"వదిన?"

"ఈ స్పీడు రవ్వంత తగ్గుతాదా?"

"వదిన సంగతి అడుగుతాంటే స్పీడంటావేందన్నా!"

"స్పీడు తగ్గుతాదా, తగ్గదా? అది చెప్పు."

"నేను రాయనంటే?"

"మంచిది, రాయద్దు. ఈ రూము ఎవరిది?"

"నీకు తెలీదా?"

"చెప్పు పాపా, నాకు గుర్తులేదు."

"మీ అన్న బామ్మర్దిది."

"చూస్తివా? రోడ్డాయప్ప, ట్యాంకాయప్ప, రూమాయప్ప, అంతా ఒకే ఆయప్ప. రేపు వచ్చి తాళం వేస్తే నీ కంప్యూటర్లు యాడ పెట్టుకుంటావు? ఊర్లో ట్యాంకు కింద పెట్టుకో. నీడ బాగుంటాది."

"దాని వల్ల ఊరికి వచ్చింది ఆ నీడొకటే లే. సరే. రాస్తాండా. నీ పాపం నీది."

"నా పాపం నాకుండనీ. ఇప్పుడు అక్షరాల్ని ఎడమ నుంచి కుడికి నడిపించు. మనం చదివేది అట్లే గదా."

"చూడు మరి."

"ఇదేంది! 'నీళ్లు' ముందరొచ్చె. వెనకాల 'కొళాయిలో'. మా అన్న యాడ?"

"అందరికన్నా ఆఖర్న వస్తాడు. ఎడమ నుంచి తోస్తే తోక ముందర దూరుతాది, తల వెనకాల వస్తాది."

"వద్దు తల్లీ! బడి గోడకు పెట్టిన పేర్ల బండ మీద తన పేరు రెండోది పడిందని సున్నం కొట్టించిన మనిషి. ఆఖర్న పడిందంటే నాకు కొట్టిస్తాడు."

"కింద నుంచి పైకి పంపిద్దునా?"

"పైకా? మా అన్నను పైకి పంపిస్తావా? నోట్లో మంచి మాట రాదా నీకు?"

"పోనీ, ఈ గోడ కాడికొచ్చి వెనక్కి తిరిగి, మళ్లా ఆ గోడ కాడికి పోయేటట్ల రాస్తా. బయటికే పోడు."

"ఏదీ, చూపించు... ఓహో... అట్ల తగిలె, ఇట్ల తగిలె... ఇది మా అన్న సాయంత్రం క్లబ్బు నుంచి ఇంటికి పోయే నడక మాదిరే ఉండాది. తీసెయ్, తీసెయ్!"

"మరి ఏం చెయ్యమంటావు నన్ను? రావల్లంటావు, పోకూడదంటావు, తిరక్కూడదంటావు."

"వచ్చి నిలబడల్ల."

"నిలబడల్లనా?"

"కుడి తట్టు నుంచి రావల్ల, ఎడమ గోడకు వచ్చి ఆనుకోవల్ల, ఇంక కదలకూడదు. కుర్చీలో కూర్చున్నట్ల."

"...కదలకూడదా?"

"కదలకూడదు."

"అన్నా, నిజంగా చెప్పు. వచ్చి ఆగిపోవల్ల, అంతేనా? ఇంక రవ్వంత గూడా జరక్కూడదు?"

"ఎన్నితూర్లు చెప్పల్ల? పెద్ద మనిషి పేరు గడప దాటకూడదు. అశుభం."

"మళ్లా మాట మార్చవు గదా?"

"నేనెప్పుడు మార్చినా?"

"పార్టీ మార్చినావు."

"అది పార్టీ. మాట వేరే. అవును పాపా, ఈ తెరలో ఒక వరసకు ఎంత పడతాది?"

"అక్షరం సైజును బట్టి."

"పెద్దవైతే?"

"తక్కువ పడతాది."

"శానా పెద్దవైతే?"

"శానా తక్కువ పడతాది. ఎందుకన్నా?"

"మా అన్నకు చూపు ఆనదు. శానా పెద్దవి పెట్టు."

"పెడతా అన్నా. ఎంత పెద్దవంటే అంత పెద్దవి పెడతా. నీళ్లు తాగుతావా? కుండలో చల్లగుండాయి."

"ఏంది, ఉన్నట్టుండి మర్యాద ఎక్కువైపాయె?"

"ఏమీ లేదు. పెద్ద మనిషి పని గదా, బాగా చెయ్యల్లని. రంగేం పెట్టమంటావు?"

"రంగు నీ ఇష్టం. బిరుదులు రాయి. ఉత్త పేరు బాగుండదు. పేరుకు ముందర 'అపర భగీరథుడు' అని పెట్టు."

"పెట్టినా."

"'కరువు సీమ కల్పవృక్షం'."

"పెట్టినా. ఇంగా ఉండాయా?"

"'ఎండిన బోర్లకు ఇలవేల్పు'."

"ఎండిన బోర్లకా?"

"నిండిన బోర్లు యాడుండాయి మన తట్టు? ఉన్న వాటికే గదా ఇలవేల్పు కావల్సింది. రాయి. ఆ పైన 'నడిచే నల్లమబ్బు'."

"కురవని మబ్బా?"

"నడుస్తాదంటి గానీ కురుస్తాదని నేనన్నానా?"

"అన్నా, ఈ బిరుదులు ఎవరిచ్చినారు?"

"అభిమానులు."

"మీ అన్నకు అభిమానులా? యాడుండారు?"

"ఉండార్లే. పొద్దు పుట్టకముందే లేసి ఆయప్పనే తలుచుకొనే వాళ్లు. శానా మంది ఉండారు. ఇప్పుడు చూడు, ఆఖరు బిరుదు వెనకాల పేరు తెరలో పట్టిందా?"

"పట్టింది. 'శ్రీ ఈశ్వరప్ప గారి' వరకు సరిగ్గా వచ్చి కుడి గోడకు ఆనుకొనింది."

"'గారి కృషితో' వద్దు. 'గారు' అని పెట్టి చుక్క పెట్టెయ్. పెద్ద మనిషి పేరు పక్కన ఇంకొక మాట ఆనుకొని నిలబడకూడదు."

"మరి తక్కింది? నల్లగుట్లపల్లి, పథకం సంపూర్ణం, కొళాయి, నీళ్లు?"

"ఆ చుక్క వెనకాల ఉండనీ. ఒక్క అక్షరం తీయద్దు. తీసినావని తెలిస్తే ఆ రూమాయప్ప నిన్ను బతకనీడు."

"తియ్యలేదన్నా. ఒట్టు. అంతా ఉండాది."

"ఉంటే చాలు. అదో, జీపు వచ్చె. అన్నే వస్తాండాడు. నువ్వు గమ్మునుండు. ఏం మాట్లాడినా నేనే మాట్లాడతా."

మెట్లు ఎక్కేటప్పుడు ఈశ్వరప్ప గారి ఆయాసం ముందు వచ్చింది, ఆ తర్వాత ఆయన వచ్చారు.

"ఏరా కుళ్లాయా, మెట్లు లేని చోట దొరకలేదా నీకు?"

"రాండన్నా, కూర్చోండి. మెట్లు మన బామ్మర్ది కట్టించినవే."

"అందుకేనా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి! ఏమ్మా, బాగుండావా? యా ఊరు మీది?"

"నల్లగుట్లపల్లి సార్."

"ఓ, మనూరే. నీళ్లు బాగా వస్తాండాయి గదా?"

"శానా బాగా వస్తాండాయి సార్. ట్యాంకర్లో."

"పాపా, గమ్మునుండమంటి గదా! అన్నా, అది చిన్నపిల్ల. మీరు తెర చూడండి. ఒత్తు పాపా, ఒత్తు."

"ఏదిరా... ఆ, వస్తాండాది. 'అపర భగీరథుడు'... 'కరువు సీమ కల్పవృక్షం'... ఇదేంది, 'ఎండిన బోర్లకు ఇలవేల్పు'! బాగుండాది. 'నడిచే నల్లమబ్బు'... ఓరి నీ! నల్లమబ్బంటే నా రంగు గురించా?"

"రంగు కాదన్నా, గుణం గురించి. మబ్బును చూస్తే రైతుకు ఆశ గదా."

"అది నిజమే. 'శ్రీ ఈశ్వరప్ప గారు.' వచ్చె, నిలబడె. కదల్లేదు చూడు! ఎంత పెద్ద అక్షరాలు! ఈడ్నుంచి అద్దాల్లేకుండా కనపడతాండాయి... మరి నీళ్ల పథకం సంగతి యాడ?"

"వెనకాల ఉండాదన్నా. మీ పేరు వెనకాల్నే."

"కనపడలేదే?"

"వస్తాదన్నా. మీ పేరు పక్కకు జరిగినాక వస్తాది."

"నా పేరు జరగల్లనా?"

"ఎడమకు జరిగి, తెర దాటి బయటికి పోవల్ల. ఆమీద నీళ్లొస్తాయి. పొద్దన్న అట్లే రాసింది ఈ పాప. మీ పేరు గడప దాటిపోతాంటే నా గుండె ఆగిపాయె. నేనే వద్దంటి. ఇప్పుడు మీరు ఊ అంటే మళ్లా జరిపిద్దాం."

"ఎదురు పార్టీ వాళ్లు గూడా వస్తాండారు గదా రేపు?"

"ముందర వరసలో వాళ్లే కూర్చుంటారన్నా."

"వాళ్ల ముందర నా పేరు బయటికి పోతాదా! నీకేమన్నా తిక్కనారా? యాడుండాదో ఆడ్నే ఉండనీ. జరిపినారంటే మర్యాద దక్కదు ఇద్దరికీ."

"మరి నీళ్లు అన్నా?"

"వాటికేం తొందరరా? ఇన్నేండ్లు ఆగినాయి, రేపొక్క దినం ఆగలేవా? నా పేరు చూసినాక వాళ్లకే అర్థమవుతాది ఏమేం చేసినానో. రేపు జాగ్రత్తగా ఎత్తుకొని రా. దిండు పెట్టు కింద. అమ్మా, బాగా చేసినావు. ఏమన్నా కావల్లంటే అడుగు."

"నీళ్లు సార్."

"కుళ్లాయా, ఈ పాపకొక నీళ్ల బాటిల్ తెచ్చియ్యి."

"తెస్తా అన్నా. నిదానంగా దిగండి, మూడో మెట్టు ఊగుతాది."

జీపు సందు దాటింది.

"కుళ్లాయన్నా."

"దుప్పటి యాడుండాది?"

"అది తర్వాత. అన్నా, నువ్వు ఆయప్పతో పేరు జరిగినాక నీళ్లొస్తాయంటివి. ఆ పేరు జరగదు. జరక్కుండా రాపించింది నువ్వే. అంటే నీళ్ల మాట తెర మీదికి ఎప్పటికీ రాదు, సార్లు రాసుకోరు, ట్యాంకరు నిల్చదు. నేనేదో నీకు తెలీకుండా చేస్తాండానని ఇంతసేపూ భయపడతాండా! నీకు అర్థమయ్యే చెప్పినావా, అర్థం కాకనా?"

"ధర్మవరం చీరల సేటు యాల కొట్లాడె?"

"...అంగడి పేరు పొడుగైపోయి తెర నిండా నిలబడిపాయె, వెనకాల ఉండే ఫోన్ నంబరు కనపడలేదని."

"ఆ. నేను ఆ మూల్నే ఉంటి."

"అంటే గడప, దయ్యం, అశుభం, అదంతా..."

"ఆ పక్క పట్టు. తీగలు జాగ్రత్త."

"మరి అంత బెదిరిస్తివి నన్ను! రూముకు తాళమంటివి! ఒక్క మాట చెప్పింటే ఏం పోయె నీకు?"

"చెప్పింటే నువ్వు కోపంలో నీళ్ల మాటే తీసేసి ఉందువు. రేపు ఎవరన్నా తడిమి చూస్తే దొరికిపోదువు. ఇప్పుడేముండాది? ఆయప్ప చెప్పిందంతా ఉండాది, ఒక్క అక్షరం తక్కువ లేదు. ఆయప్ప నోటితోనే జరపద్దనె. నీ తప్పు లేదు, నా తప్పు లేదు."

"అయితే ఆ బిరుదులు? నిజంగా అభిమానులిచ్చినవేనా?"

"మరి? మొన్న ఊరికి పోయి, తెర నిండల్లంటే బిరుదులు శానా కావల్లంటి. ట్యాంకరు కాడ బిందెలు పెట్టుకొని నిలబడిన ఆడోళ్లంతా తలా ఒకటి కట్టిచ్చినారు. బోర్ల ఇలవేల్పు మీ వదినది పాపా. నల్లమబ్బు మాత్రం మీ అమ్మదే."